దొర మెడలో నేను

నేను ఒక ఇనుప గొలుసును. ఒక కొనతో గుంజను, రెండో కొనతో ఏదో ఒక ప్రాణినో వస్తువునో పట్టుకుని ఉండటమే నా పని. పట్టుకున్నది నేనే కాబట్టి నాకేం బాధ ఉంటుందని మనుషులు అనుకుంటారు కాబోలు. కట్టేసినదానితో పాటు గొలుసు కూడా అక్కడే పడి ఉండాలని ఎవరికీ తోచదు.

సామర్లకోటలో రైలు గేటు పక్కనున్న వెల్డింగు షెడ్డులో పుట్టాను. మొదట నన్ను ఒక సైకిల్ షాపాయన కొని గాలి పంపును గోడకు కట్టాడు. వచ్చినవాళ్ళందరినీ ఆయన పేరుపెట్టి పలకరించేవాడు, పిల్లాజెల్లా బాగోగులు అడిగేవాడు, పంపు విషయంలో మాత్రం ఒక్కరినీ నమ్మేవాడు కాదు. ఎండకూ వానకూ ఆ గోడనే చూస్తూ ఏళ్ళు గడిపాను. సైకిళ్ళు తగ్గిపోయి షాపు మూసేశాక, పక్క వీధి గవర్రాజు నన్ను అడిగి పట్టుకెళ్ళాడు.

గవర్రాజు పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైకుసెట్లు అద్దెకిస్తాడు. వ్యానులో సౌండు బాక్సులు దొర్లిపోకుండా నన్ను వాటి చుట్టూ బిగించేవాడు. ఆ బాక్సుల మీదే దర్జాగా కూర్చుని ఊళ్ళు తిరిగేది అతని ఎర్ర కుక్క. ఏదో పెళ్ళిలో షామియానా గుడ్డ మడతల్లో కళ్ళు తెరవని పిల్లగా దొరికిందట. దాని కూర్చునే తీరు చూసి గవర్రాజు భార్య నూకరత్నం ‘దొర’ అని పేరు పెట్టింది. దొరను ఏనాడూ కట్టలేదు. కట్టవలసిన అవసరమూ రాలేదు.

ఒక ఎండాకాలం దొర కళ్ళలోకి గంజి రంగు దిగింది. మొదట వ్యాను ఎక్కేటప్పుడు తడబడ్డాడు. తర్వాత ఎక్కడమే మానేశాడు. గవర్రాజు వాకిలి సంగతి మీకు చెప్పాలి. రాత్రి ఇంటికొచ్చిన బాక్సులు ఒకచోట దింపితే పొద్దున్నే ఇంకోచోటికి పోతాయి. ఈ రోజు దారి అయినది రేపు గోడ అవుతుంది. దొర వాటికి మూతి కొట్టుకుని నిలబడిపోయేవాడు.

“వీడికి ఒళ్ళు బరువెక్కిందే రత్నం, పని దొంగయ్యాడు” అని గవర్రాజు నవ్వేవాడు.

“ఒళ్ళు కాదు మావా, ఆడి కళ్ళు చూశావా ఎప్పుడన్నా?” అని ఆమె అనేది. అతను వైర్లు చుట్టుకుంటూ వినిపించుకునేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం జాతర పని ముగించుకొచ్చి, నిద్రపోతున్న దొర తల మీద చెయ్యి వేశాడు. దొర ఉలిక్కిపడి లేచి ఆ చేతిని కరిచేశాడు. కరిచిన మరుక్షణమే వాసన పట్టి, నేలకు కరుచుకుపోయి మూలిగాడు. గవర్రాజు ఆ మూలుగు వినలేదు. చేతి నుంచి కారుతున్న రక్తాన్నే చూస్తున్నాడు.

“నేను పెట్టిన కూడు తిని నన్నే కరిచాడే!” అన్నాడు. కోపం కంటే అవమానమే ఎక్కువగా వినిపించింది. సూదిమందు వేయించుకుని వచ్చి, కట్టు కట్టిన చేత్తోనే నన్ను దొర మెడకు తగిలించాడు. రెండో కొన వాకిట్లోని సామాన్ల షెడ్డు ఇనుప స్తంభానికి.

ఆ రోజు నుంచి ఇద్దరమూ ఖైదీలమే. దొర నడిస్తే నన్ను ఈడ్చుకుపోయేవాడు. నేను బిగిస్తే వాడు ఆగిపోయేవాడు. కళ్ళు లేనివాడికి లోకం మొత్తం ఆ గుండ్రటి నేల అయిపోయింది. దాని అంచు ఎక్కడో చెప్పవలసినవాణ్ణి నేనే. చెప్పే విధానం నాకు ఒక్కటే తెలుసు, గొంతు నొక్కడం. ఒక్కోసారి ఒకే వైపు తిరిగి తిరిగి స్తంభానికి నన్ను పూర్తిగా చుట్టేసుకుని, మెడ ఇనుముకు ఆనించి నిలబడేవాడు. నూకరత్నం వచ్చి విప్పేదాకా అరిచేవాడు కూడా కాదు.

“అన్నవరం వైపు లారీ ఎల్తాంది. ఎక్కించేసి ఆ కొండల కాడ దింపేయమంటాను. మళ్ళీ ఎవరినన్నా కరిస్తే మన పీకల మీదకొస్తది” అన్నాడు గవర్రాజు ఒక సాయంత్రం.

నూకరత్నం చేస్తున్న పని ఆపేసింది. “కళ్ళు లేనోణ్ణి కొండల్లో దింపుతావా? ముందు డాట్రమ్మకు చూపిద్దాం. ఆవిడ కూడా లాభం లేదంటే అప్పుడు నన్ను కూడా ఆ లారీలోనే ఎక్కించు.”

మర్నాడు ముగ్గురూ పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. దొర మెడలో నేను కూడా ఉన్నాను. డాక్టరమ్మ టార్చి వేసి రెండు కళ్ళూ చాలాసేపు చూసింది.

“శుక్లాలు బాగా ముదిరాయి. ఆపరేషన్ చేయించవచ్చు కానీ లోపలి పొర కూడా దెబ్బతిన్నట్టుంది, గుండె కూడా బలంగా లేదు. చూపు తిరిగి రాదండీ.”

“కరుస్తున్నాడండి మేడమ్‌గారూ. పెంచినోణ్ణే కరిచాడు” అన్నాడు గవర్రాజు.

“కరిచినప్పుడు నిద్రలో ఉన్నాడా?”

“ఆఁ.”

“ముట్టుకునే ముందు పిలిచారా?”

గవర్రాజు కరిచిన చెయ్యి వైపు చూసుకున్నాడు.

“చీకట్లో ఎవరో మీ మీద చెయ్యి వేస్తే మీరేం చేస్తారు? అది మీరని వాడికి తెలియలేదు. ముక్కు, చెవులు బాగానే ఉన్నాయి, వాటితో బతకనివ్వండి. ముందు పిలిచి తర్వాత ముట్టుకోండి. ఇంట్లో వస్తువులు కదపకండి. నీళ్ళూ తిండీ ఒకేచోట పెట్టండి.”

దారి పొడుగునా గవర్రాజు నన్ను వదులుగా పట్టుకుని నడిచాడు. ఇంటికి రాగానే దొర ముందు గొంతుక్కూర్చుని, “దొరా, నేన్రా” అని పిలిచి, మెడ నుంచి నన్ను విప్పి పక్కన పడేశాడు.

దొర కదల్లేదు. తర్వాత లేచి స్తంభం చుట్టూ నడిచాడు. నేను బిగుసుకునే చోటికి రాగానే తనంతట తానే తల వంచి వెనక్కి తిరిగాడు. మెడలో లేని నేను ఇంకా వాణ్ణి లాగుతూనే ఉన్నాను. నేను చేసిన పనులన్నింటిలో నాకు సిగ్గు కలిగించింది అదే.

“గొలుసు తీసేశాన్రా! రా!” అని గవర్రాజు అరిచాడు.

“నీకు తెలుసు మావా. ఆడికి తెలియాలి గదా” అంది నూకరత్నం.

గవర్రాజు బాక్సులన్నీ ఒక గోడ వారకు చేర్చి, వాటి చోటు వాటికే అని పనివాళ్ళకు గట్టిగా చెప్పాడు. స్తంభం నుంచి అరుగు దాకా గోనెసంచులు పరిచాడు, కాళ్ళకు దారి తెలుస్తుందని. ఒకనాడు అతనికి గొప్ప ఆలోచన వచ్చి, మైకు పెట్టి “దొరా, దొరా” అని పిలిచాడు. నాలుగు బాక్సుల్లోంచి నలుగురు గవర్రాజులు పిలిచేసరికి దొర బెదిరిపోయి స్తంభానికి అతుక్కుపోయాడు. వీధిలోవాళ్ళు పగలబడి నవ్వారు. గవర్రాజు మైకు ఆపేసి, చొక్కా విప్పి, గోనె మీద బోర్లా పడుకున్నాడు. మెల్లగా, పక్కనున్నవాడికి చెప్పినట్టు, మొన్నటి పెళ్ళి భోజనంలో ఏమేం వడ్డించారో దొరకు చెప్పడం మొదలుపెట్టాడు. గారెల దగ్గరకు వచ్చేసరికి దొర ముక్కు లేచింది. అంచు దాకా వచ్చి ఆగాడు. ఒక కాలు గోనె మీద పెట్టి తీశాడు. మళ్ళీ పెట్టాడు. గవర్రాజు మాట ఆపలేదు, చెయ్యి చాపలేదు. అప్పడాలూ పెరుగూ అయిపోయి తాంబూలం వచ్చేసరికి దొర గడ్డం అతని భుజం మీద ఉంది.

ఇప్పుడు నేను షెడ్డు మూల పాత ఇనుములో, విరిగిన స్టాండ్ల కింద ఇరుక్కుని ఉన్నాను. దొర సంచుల దారిలో వాకిలంతా తిరుగుతున్నాడు. మనుషులు కూడా బాగానే నేర్చుకున్నారు, గుమ్మంలోకి వచ్చేవాళ్ళు ముందు గొంతు సవరించుకుంటున్నారు. కానీ రోజుకు ఒకసారైనా, ఏ ధ్యాసలోనో, ఆ పాత అంచు దగ్గర దొర ఆగి తల వంచుతాడు. గవర్రాజు ఎంత పనిలో ఉన్నా చూసి, ఆగి అంటాడు:

“లేదురా దొరా. అక్కడేం లేదు. రా.”

దొర కాసేపు నిలబడి, ఆ అంచు దాటి వెళ్తాడు.