మిద్దె మీద ఇంకో వంటిల్లు

నిన్న తుడిచిన అద్దం మీద ఈ పొద్దు దుమ్మెందుకుందని అడిగాడు జయరాముడు, నాగలక్ష్మే ఆ దుమ్ము తెచ్చి పోసినట్టు.

"అనంతపురంలో గాలికి వేరే పనేముండాది?" అంది ఆమె.

"ప్రతిదానికీ ఎదురు మాట. అద్దం మసకబడితే అన్నం ఉడకదు. బీయే చదివినావు, ఈ మాత్రం తెలీదా?"

తెలుసు. ఆ అద్దమున్న సోలార్ కుక్కరు సంగతి మొగుడికంటే ఆమెకే ఎక్కువ తెలుసు. సబ్సిడీలో వచ్చిందని వేసవి మొదట్లో తెచ్చి మిద్దె మీద పెట్టించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు చూపించడానికి తప్ప మెట్లెక్కలేదు. పెట్టెలో నల్లరంగు గిన్నెలు, పైన గాజు మూత, ఎండను లోపలికి మళ్లించే అద్దం. సూర్యుడు జరిగినప్పుడల్లా పెట్టెనూ తిప్పాలి. పప్పు సగం ఉడికాక నీడ పడితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఎక్కడం, దిగడం. సబ్సిడీ ప్రభుత్వం కొంత ఇచ్చింది, మిగతాది కాలే గచ్చు మీద తన అరికాళ్లు ఇస్తున్నాయి.

మొదటిరోజు రాగిపిండి కూడా అందులోనే పెట్టమన్నాడు. గెలక్కుండా సంగటి కాదని చెబితే వినలేదు. పచ్చివాసన కొట్టే ఆ ముద్దను అత్త సుంకమ్మ పక్కకు నెట్టి, "గోడకు మెత్తేదానికి పనికొస్తాది" అంది. నీళ్లు తక్కువ పోసినావని అతను నాగలక్ష్మినే తిట్టాడు. అప్పట్నుంచి సంగటి కింద స్టవ్వు మీద, అన్నం పప్పు మిద్దె మీద. అయినా ఊరందరికీ చెప్పేది మాత్రం, మా ఇంట్లో స్టవ్వే వెలగదని.

ఇదంతా పంటి బిగువున భరించేదేమో. కానీ వీధి చివరి ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పడానికి రమ్మన్నారు. పెళ్లయ్యాక ఆమె చదువు గుర్తుపెట్టుకుని పిలిచింది వాళ్లొక్కరే. "పగలంతా నువ్వాడుంటే పెట్టెనెవరు చూస్తారు? కిరోసిన్ ఎంత మిగుల్తాందో తెలుసునా?" అన్నాడు. మిగిలిన కిరోసిన్ అతనికి కనబడింది. వేసవంతా ఎండలో ఎవరు ఖర్చయ్యారో కనబడలేదు.

ఆదివారం అతని ఆఫీసు స్నేహితుడు ఓబుళేసు పెట్టె చూడ్డానికి వచ్చి, భోజనానికి ఉండిపోయాడు.

"అన్నం బాగానే ఉడికింది. పనేమన్నా ఎక్కువుంటాదా?"

"ఏముంటాదప్పా? పొద్దున పెడితే దానంతట అదే ఉడుకుతాది. మనిషే అక్కర్లేదు."

పప్పు వడ్డిస్తున్న గరిటె ఆగింది. నాగలక్ష్మి గిన్నె కింద పెట్టింది. ఆ ఇంట్లో మగవాళ్లు లేచేదాకా ఆమె ఏనాడూ కూర్చోలేదు. ఇప్పుడు ఒక పళ్లెం తెచ్చుకుని అత్త పక్కన కూర్చుంది.

"రేపట్నుంచి నేను బడికి పోతాండా. వస్తానని నిన్ననే చెప్పొచ్చినా."

జయరాముడి చేతిలో ముద్ద అట్లే ఉండిపోయింది. "మరి పెట్టెనెవరు తిప్పల్ల?"

ఓబుళేసు తలెత్తాడు. "తిప్పల్లనా? ఇప్పుడే గదప్పా మనిషే అక్కర్లేదంటివి."

సుంకమ్మ కోడలి వైపొకసారి చూసి, ఊరిబిండి పచ్చడి గిన్నె ఆమె ముందుకు జరిపింది.

నాగలక్ష్మి అన్నం కలుపుకుంది.

"రేపు దాన్నట్లే ఉడకనీండి" అంది. "నేను లేకుండా కిరోసిన్ ఎంత మిగుల్తాదో, సాయంత్రం బడి నుంచి వచ్చినాక చూసుకుందాం."