ఎడమచేతి ఐదు తూటాలు

పదకొండోసారి ఓరిన్ వాసెక్ పిస్తోలు ముందుకొస మీద ఖాళీ తూటా గొట్టాన్ని నిలబెట్టాడు. కుడిచేతి పిడికిలి బిగించి రొమ్ముకు ఆనించుకున్నాడు. ఎడమచేయి ఒక్కటే చాచి, వంటింటి గోడకు అంటించిన నల్లచుక్కకు గురిపెట్టి మీట మెల్లగా నొక్కాడు. టిక్కుమంది. ఇత్తడి గొట్టం ఊగి, కిందపడి, పొయ్యి కిందికి దొర్లిపోయింది.

మందున్న తూటాలు పక్కగదిలో ఉన్నాయి. ఈ సాధన ఎప్పుడూ ఖాళీ పిస్తోలుతోనే, మీట నొక్కినా గొట్టం పడకూడదు. భార్య అడీలా బతికున్న రోజుల్లో గొట్టం నిలబెట్టడం ఆమె పని. ఒక చేత్తో గుడ్లు వేయిస్తూ రెండో చేత్తో పెట్టేది. పడితే ఏమీ అనేది కాదు, వంగి తీసి మళ్లీ పెట్టేది. ఆమె పోయి నాలుగేళ్లు. ఇప్పుడు వంగటం కూడా అతని పనే.

ముప్పై ఒక్క ఏళ్లుగా అతను కోర్టు తలుపు దగ్గర కాపలా. వచ్చినవాళ్ల తాళంచెవులు పళ్లెంలో వేయించటం, లోహం పసిగట్టే ద్వారం గంట మోగితే వెనక్కి పంపటం, విడాకులవాళ్లకు మేడమెట్లు, జరిమానావాళ్లకు కిటికీ చూపించటం. అన్నేళ్లలో ఒక్క మనిషి మీద పిస్తోలు తీయలేదు. అయినా ఏటా కాగితపు బొమ్మ మీద పాతిక తూటాలు కాల్చి చూపించాలి. చివరి ఐదూ ఎడమచేత్తో. అందులో నాలుగు గీత లోపల పడాలి. కుడిచేతికి దెబ్బ తగిలితే ఏం చేస్తావని నియమం అడుగుతుంది. ఎడమచేతికి తగిలితే ఏం చేస్తావని అడగదు.

పోయిన చలికాలం కోర్టు మెట్ల మీద మంచుకు జారి, ఓరిన్ ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతికింది, పట్టు అతకలేదు. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈ రోజు మూడోది, ఆఖరుది. తప్పితే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే పొద్దున్నే గడ్డం గీసుకోవడానికి అతనికి వేరే కారణం లేదు.

ఊరి బయట, కోసేసిన మొక్కజొన్న చేల మధ్య మట్టికట్ట. దాని ముందు కాగితపు బొమ్మలు. పరీక్ష పెట్టే డార్లీన్ కూబిక్ మోత వినపడకుండా చెవులకు కప్పులు తగిలించుకుని నిలబడి ఉంది. ఆమెకు పిస్తోలు పట్టుకోవటం నేర్పింది ఓరినే.

"కాఫీ తాగొచ్చారా?"

"తాగితే చెయ్యి వణుకుద్ది."

"తాగకపోయినా వణుకుతోందిగా, పెద్దాయనా. తాగాల్సింది."

రెండు చేతులతో కాల్చిన ఇరవై తూటాలూ మేకు కొట్టినట్టు పడ్డాయి. తర్వాత పిడికిలి రొమ్ముకు ఆనించి, ఎడమపాదం ముందుకు వేశాడు. ఒకటి లోపల. రెండు లోపల. మూడు లోపల. నాలుగోదానికి మణికట్టు వాలింది, బయట పడింది. ఐదోదానికి ఊపిరి బిగబట్టి ఆగాడు. అవసరమైనదానికంటే ఎక్కువసేపే ఆగాడు. చేయి అలిసింది.

ఇద్దరూ నడిచి వెళ్లి చూశారు. ఐదోది గీతకు వేలెడు బయట.

డార్లీన్ వెనక్కి చూసింది. ఎవరూ లేరు. జేబులోంచి లావుపాటి పెన్సిల్ తీసింది.

"ఇది అచ్చంగా తూటా లావే. గీత లోపల ఒక్క పోటు పొడిస్తే నాలుగవుతాయి. అందరూ చేసేదే."

"నేను చెయ్యలా."

ఆమెకు తెలుసు. పదకొండేళ్ల కిందట కాపలాతో పాటు ఇక్కడ పరీక్ష పెట్టే పనీ ఓరిన్‌దే. అతనితో పాటు కాపలా కాసే లీలండ్ హ్రూబీ ఒక్క తూటాతో తప్పాడు. పెన్సిల్‌తో పొడవమని బతిమాలాడు. ఓరిన్ పొడవలేదు. ఉద్యోగం పోయి లీలండ్ ధాన్యం కాటా దగ్గర పనికి కుదిరాడు. అడీలాను పాతిపెట్టిన రోజున కూడా రాలేదు.

"అతను మిమ్మల్ని ఇంకా తిడుతూనే ఉన్నాడు, తెలుసా?"

"తిట్టనీ."

"మీరిప్పుడు పొడిపించుకున్నా అతనికి తెలీదు."

ఓరిన్ ఆ పెన్సిల్ వైపు చూశాడు. ఎడమచేయి దానంతటదే తెరుచుకుని మూసుకుంది.

"ఇప్పుడు పొడిస్తే, ఆరోజు నేను చేసింది నియమం కాదు. పగ అవుద్ది. ఉన్నది రాయి."

"ఓరిన్ గారూ..."

"రాయమ్మాయ్. చలిగా ఉంది."

ఆమె రాసింది. అతను పిస్తోలు ఖాళీ చేసి, తెరిచి చూపించి, బల్ల మీద పెట్టాడు. తర్వాత నడుముకున్న, పిస్తోలు పెట్టుకునే తోలుపట్టా విప్పాడు. అది కోర్టుది, వదిలి వెళ్లాల్సిందే. బరువు పోయేసరికి ప్యాంటు జారింది. ఒక చేత్తో పైకి పట్టుకుని కారు దాకా నడిచాడు. వెనక్కి తిరగలేదు. కారు ధాన్యం కాటా ఉన్న దారి వదిలేసి, రెండు మైళ్లు చుట్టు తిరిగే దారి పట్టింది.

డార్లీన్ పట్టాను రేకుల గదిలో మేకుకు తగిలించింది. అది తిన్నగా వేలాడలేదు. ముప్పై ఒక్క ఏళ్ల నడుము వంపు అందులో అలాగే ఉండిపోయింది, మధ్యలో మనిషి లేడు.