నాలుగో చెయ్యి

నేను ఒక క్యారమ్ బోర్డును. కాకినాడలో ఒక వడ్రంగి టేకు చట్రంతో నన్ను చేశాడు. ఆటసామాన్ల కొట్టు గోడకు మూడేళ్లు వేలాడాను. సరుకును తాకే తీరు చూసి కొనేవాడెవడో, ఊరికే తడిమేవాడెవడో కొట్టు యజమాని ఇట్టే పోల్చేవాడు. ఆ విద్య నాకూ పట్టుబడింది. తరవాత కుర్రాళ్ల క్లబ్బులో ఆరేళ్లు దెబ్బలు తిన్నాను. అది మూతపడ్డాక ఒక కాలనీలోని వయోవృద్ధుల సంఘం నన్ను కొనుక్కుంది.

వయోవృద్ధులంటే ముసలివాళ్లని అనుకున్నాను. పొరపాటు. సభ్యత్వ పత్రంలో ‘ఏ హోదాలో రిటైరయ్యారు?’ అని ఒక గడి ఉంది. అది నింపలేనివాడు తొంభై ఏళ్లు దాటినా వాళ్ల దృష్టిలో పడుచువాడే.

అధ్యక్షుడు విశ్వేశ్వరరావు రిటైర్డ్ తహసీల్దారు. ఫైలు తోసినట్టు స్ట్రైకర్‌ను తోసేవాడు. ఎక్కడికి పోయినా సరే, తన ముందు నుంచి పోతే చాలు. ఆయన జత హెడ్మాస్టరుగా చేసిన మూర్తి, ఎదుటి జట్టులో బ్యాంకు మేనేజరుగా చేసిన రంగారావు. నాలుగోవాడు రాని రోజున గేటు దగ్గర బట్టలు ఇస్త్రీ చేసే నూకరాజుకు కబురు.

“ఇస్త్రీ! ఓ చెయ్యి తక్కువైంది, రావయ్యా!”

నా మీద పడిన చేతులన్నిటిలో సరుకున్న చెయ్యి అదే. వేలికొసతో ముట్టుకుంటే కాయిన్ చప్పుడు లేకుండా సంచిలో పడేది. టీ మాత్రం మూడు కప్పులే వచ్చేది. అసలు నాలుగోవాడు గుమ్మంలో కనబడగానే నూకరాజు ఆట మధ్యలోనే లేచి చోటిచ్చేవాడు.

వృద్ధుల దినోత్సవానికి పోటీలు పెట్టారు. నూకరాజు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

“బాబుగారూ, నా పేరు కూడా రాయండి. డెబ్బై రెండొచ్చాయి నాకు.”

“నువ్వింకా రిటైరే కాలేదు కదయ్యా!” అని విశ్వేశ్వరరావు నవ్వాడు.

“నాకు ఆర్డరెవరిత్తారండీ? పెట్టెలో బొగ్గులా?”

“ఆడటానికి పిలుస్తూనే ఉన్నాం కదా?”

“పిలుత్తున్నారండీ, పేరెట్టి కాదు. మా ఆడది పోయాక నన్ను నూకరాజూ అన్నోళ్లు లేరు. ఓపాలి మైకులో వినాలనుందండీ.”

“రూల్సు ఒప్పుకోవు.”

ఫైనల్ రోజున మూర్తికి మోకాలు వాచింది. మళ్లీ గేటు దగ్గరికి కబురు. “ఆయన బదులు కూర్చో. మైకులో మాత్రం ఆయన పేరే చదువుతాం, ఏమనుకోకు.”

నూకరాజు కూర్చుని ఆడాడు. చివరికి అతనూ విశ్వేశ్వరరావూ ఉన్న జట్టుకు ఒక్క తెల్లకాయిన్ మిగిలింది. అదీ సంచి అంచున ఉంది, ఊదినా పడేలా. నూకరాజు స్ట్రైకర్ పెట్టి తలెత్తాడు.

“ఇప్పుడు నా పేరు చదవండి బాబుగారూ, కొడతాను.”

“ఆట మధ్యలో బేరమేంట్రా?”

“ముందే అడిగానండీ. తమరివ్వలేదు.”

“పేరే కదండీ, చదివేద్దురూ!” అన్నాడు రంగారావు.

“ఇవాళ పేరంటాడు, రేపు కుర్చీ అంటాడు,” అన్నాడు విశ్వేశ్వరరావు, మైకు గుప్పిట్లోనే ఉంచుకుని.

నూకరాజు స్ట్రైకర్‌ను నా మధ్యలోకి జరిపి, వేళ్లకంటిన పౌడరు కండువాకు తుడుచుకుని వెళ్లిపోయాడు. తన సరుకు విలువ తెలిసి, గిట్టని బేరం వదిలి లేచినవాణ్ని ఆ హాల్లో అప్పుడే చూశాను.

ఆ కాయిన్‌ను విశ్వేశ్వరరావే కొట్టాడు. కాయిన్ అక్కడే ఉంది, స్ట్రైకర్ సంచిలో పడింది. అయినా రెండు జట్లూ గెలిచినట్టు ప్రకటించి, నాలుగు పేర్లూ హోదాలతో సహా మైకులో చదివారు. మంచం మీదున్న మూర్తి ఇంటికీ ఒక బహుమతి కప్పు వెళ్లింది.

తరవాత చెయ్యి తక్కువైనప్పుడల్లా కిటికీలోంచి “ఇస్త్రీ!” అని కేకేసేవారు. అతను తలెత్తేవాడు కాదు. కొన్నాళ్లకు ఆట మానేసి నన్ను బీరువా వెనక నిలబెట్టారు. ‘నూకరాజూ’ అని పిలిస్తే వచ్చేవాడేమో, ఒక్కరూ పిలవలేదు. ఇవ్వడానికి చిల్లిగవ్వ ఖర్చులేని సరుకును ఇంత గట్టిగా పిడికిట్లో బిగించుకున్న లోభులను నేను ఏ కొట్లోనూ చూడలేదు.