భాగీరథి వదిలి వెళ్ళిన బాతులు

మా ఇంట్లో గుడ్డు అనే మాట పలకడానికి వీల్లేదు. లింగాయతుల ఇల్లు, అందులోనూ మా అత్తగారి ఇల్లు. తప్పనిసరై ఆ ప్రస్తావన వస్తే ఆవిడ "అది" అని, మొహం అటు తిప్పుకునేది. అలాంటి ఇంటి పెరట్లోకి బాతులు వచ్చాయంటే కారణం భాగీరథి.

భాగీరథి మా పెరటి గదుల్లో అద్దెకు ఉండేది. ఆమె భర్త ఎంకయ్య పశువుల దవాఖానాలో కాంపౌండరు. ఇంట్లో మాంసం, గుడ్లు వండకూడదన్న షరతు మీదే మా ఆయన రేవణసిద్ధప్ప వాళ్ళకు గదులిచ్చారు. అన్నిటికీ తలూపి వచ్చిన మనిషి, మూడో నెలలో మంజీర ఒడ్డున ఉన్న పుట్టింటికి వెళ్ళి, గంపలో ఆరు బాతుపిల్లలతో బస్సు దిగింది. అత్తగారు ఒంటికాలి మీద లేచారు.

"వండొద్దన్నరు గని, సాదుకోవద్దనలేదు గదమ్మా," అంది భాగీరథి నవ్వుతూ.

అత్తగారు గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయారు. తర్వాత ఆ బాతులు పెరిగి గుడ్లు పెట్టడం మొదలుపెట్టినప్పుడు కూడా భాగీరథి మాట నిలబెట్టుకుంది. ఒక్కటి కూడా మా గడప తొక్కనివ్వకుండా, ప్రతి ఆదివారం కోహీర్‌లో ఉన్న వాళ్ళక్క అనంతమ్మకు పెరటి దారినే పంపించేసేది.

నాది బీదర్ అవతలి పల్లె. పదహారేళ్ళకు పెళ్ళయి జహీరాబాద్ వచ్చేనాటికి నాకు తెలుగు ముక్క రాదు. మా ఆయన అల్లం, బెల్లం వ్యాపారంలో పొద్దుపోయేదాకా బజార్లోనే ఉండేవారు. అత్తగారు నన్ను పిలిస్తే, ఏమే అన్నట్టు కన్నడంలో "ఏనే" అనే పిలుపే. మధ్యాహ్నం గిన్నెలు తోమాక నేను పెరటి మెట్ల మీద కూర్చుంటే భాగీరథి పక్కన చేరేది. "పార్వతక్కా, ఇగో, ఇది 'బా'," అని బొగ్గుముక్కతో నేల మీద రాసేది. తెలుగు అక్షరాలన్నీ నేను ఆ మెట్ల మీదే నేర్చుకున్నాను. నా 'చ'కూ 'జ'కూ ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది. నాకు కోపం ఎక్కువ. ఇంకెవరైనా అలా నవ్వితే ఊరుకునేదాన్ని కాదు. ఆమె నవ్వితే మాత్రం కావాలని ఇంకోసారి తప్పు పలికేదాన్ని.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఎంకయ్యకు ఆదిలాబాద్ అవతల ఎక్కడో అడవిలోకి బదిలీ అయింది. నాలుగు రోజుల్లో చేరాలన్నారు. పెట్టెలూ బిందెలూ లారీ ఎక్కాయి గానీ, బాతులను అంత దూరం తీసుకుపోవడం కుదరదని తేలింది.

"జర చూసుకో అక్కా. ఇల్లు దొరకంగనే, శ్రావణమాసం ఎల్లినంక వచ్చి తీస్కపోత," అని నా చెయ్యి పట్టుకుంది భాగీరథి. "నీకోసం రావాలంటె మా ఆయిన పంపుతడో లేదో. నా బాతులకోసమంటె పంపక తప్పుతదా?"

ఆ మాట నా గుండెలో మేకులా దిగింది. బాతులుంటే భాగీరథి వస్తుంది. నాకు అర్థమైంది అంతే, అంతకు మించి అర్థం చేసుకోవాలని కూడా నాకు లేదు.

అత్తగారు మూడు షరతులు పెట్టారు. "అది" ఇంట్లోకి రాకూడదు. నేను చేత్తో ముట్టకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు, అమ్మకూడదు, ఎందుకంటే లింగాయతుల ఇంటి నుంచి అవి బయటికి వెళ్ళాయని బజార్లో చెప్పుకుంటారు. ఇక నేనేం చెయ్యాలి? బాతులకు ఈ షరతుల సంగతి తెలియదు కదా, రోజూ పెడుతూనే ఉన్నాయి. పాత కొబ్బరిచిప్ప గరిటె ఒకటి గూటి దగ్గర పెట్టుకున్నాను. పొద్దున్నే మెడలోని లింగాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో గరిటెతో వాటిని ఎత్తి, గోడవతల తుమ్మపొదల్లోకి జారవిడిచేదాన్ని. పీడ వదిలిందనుకుని స్నానానికి వెళ్ళేదాన్ని.

మిగతావన్నీ భాగీరథి చెప్పినట్టే చేశాను. బాతులు మునగడానికి గోలెం నిండా నీళ్ళు తోడిపోశాను. నూకలు తడిపి పెట్టాను. సాయంత్రం "బా బా బా" అని పిలిస్తే మొదట్లో నా వంక చూసేవి కూడా కావు. పది రోజులకు ఒకదాని వెనక ఒకటి ఊగుకుంటూ వచ్చి గూట్లో దూరాయి. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? చెబితే మెచ్చుకునే మనిషి అడవిలో కూర్చుంది.

ముంగిస మొదటిసారి కనిపించింది అత్తగారికే. పొద్దున్నే గోడ మీద వెనక్కాళ్ళ మీద నిలబడి ఇటే చూస్తోందట. ఆవిడ రెండు చేతులూ జోడించింది. "ముంగీస ఎదురయితె మంచి శకునమే. ఇయ్యాల మనోడికి బేరం మంచిగైతది," అంది. నిజంగానే ఆ రోజు బేరం బాగా జరిగింది. అప్పట్నుంచి ఆవిడ రోజూ పొద్దున్నే పెరట్లోకి వచ్చి, గోడ వైపు చూసి, దండం పెట్టుకుని పోయేది.

శ్రావణంలో మొదటి బాతు పోయింది. నేను రొట్టెలు చేస్తుంటే పెరట్లో ఒక్క అరుపు వినిపించింది. పరిగెత్తేసరికి గోలెం పక్కన మెడ తెగి పడి ఉంది, ముంగిస తోక గోడ దాటుతోంది. నేను తుమ్మకంప తెప్పించి గోడ పొడుగునా వేయించాను. పది రోజులకు రెండోది పోయింది. గూటి చుట్టూ రాళ్ళు పేర్చాను, పాత డబ్బారేకు తెచ్చి కిందుగా పాతాను. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చుంటే రాదు. నేను స్నానానికి వెళ్తే వస్తుంది. నా లెక్కలన్నీ దానికి తెలుసు. కర్ర తీసుకుని వెంటపడితే అత్తగారు అడ్డం వచ్చింది. "ఇంటికి వచ్చిన శకునాన్ని కొడతవా?" అంది.

భాగీరథి కార్డు వచ్చింది. ఇల్లు ఇంకా దొరకలేదట, దసరాకు చూస్తానంది. చివర "నా బాతులు మంచిగున్నయా అక్కా?" అని రాసింది. నాలుగే మిగిలాయని ఎలా రాయను? తగ్గిన కొద్దీ ఆమె వచ్చే కారణం తగ్గిపోతుందని భయం. వంకర అక్షరాలతో "ఆరూ మంచిగున్నయి" అని రాసి డబ్బాలో వేశాను.

దసరా వెళ్ళిపోయింది. భాగీరథి రాలేదు. మూడో బాతు పోయింది.

ఆ మర్నాడు గుండయ్య వచ్చాడు. అతను మా ఎద్దులకు గడ్డి తెచ్చే మనిషి. గోడవతల మోపు దించి, కాసేపు అక్కడే వంగి చూసి, తుమ్మపొదల్లోంచి నన్ను పిలిచాడు. నేను గోడ మీదుగా తొంగిచూశాను. పొద కింద ఒక పెద్ద రాయి, దాని చుట్టూ పగిలిన పెంకులు, గుప్పెళ్ళకొద్దీ, తెల్లగా.

"గివన్నెవరు ఏసిన్రమ్మా?"

"నేనే," అన్నాను.

గుండయ్య తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు. "నువ్వు రోజు దావత్ ఇస్తుంటె అదెందుకు రాదమ్మా? ముంగీసకు గుడ్డంటె పానం. మొదలు గుడ్డు తిన్నది, యాడికెల్లి వస్తున్నదని ఎతికింది, గోడెక్కి జూసింది. నువ్వే తొవ్వ జూపెట్టినవు."

కంపలు వేశాను, రేకులు పాతాను, రాళ్ళు మోశాను. అన్నీ చేస్తూ, రోజూ పొద్దున్నే లింగం పట్టుకుని మరీ దానికి వడ్డించాను. మడి చెడకుండా ఉండాలని భాగీరథి బాతులను నా చేత్తో నేనే తినిపించాను. అంత కోపం నాకు అంతకు ముందెప్పుడూ రాలేదు, అదంతా నా మీదే. కొబ్బరిచిప్ప గరిటెను గోడకేసి కొట్టాను. రెండు ముక్కలైంది.

గుండయ్య చెప్పినట్టు చేశాను. ముంగిస దూరే నీళ్ళ తూముకు ఇనుప జాలీ బిగించాడు అతనే. ఎండ వచ్చేదాకా బాతులను గూట్లోంచి వదలకూడదన్నాడు. వదిలే ముందే గుడ్లు తీసేసి పెంకు కూడా మిగలకుండా చూడాలన్నాడు. మర్నాడు పొద్దున్నే గూట్లోకి చెయ్యి పెట్టాను. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టుకోవడం అదే మొదటిసారి. వెచ్చగా ఉంది. కంపరం పుడుతుందనుకున్నాను, పుట్టలేదు. భాగీరథి రోజూ ఇలాగే చెయ్యి పెట్టేది కదా అనిపించి, కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

తలెత్తేసరికి గుమ్మంలో అత్తగారు.

"లింగం మెడల ఉండంగ చేత్తోటి పట్టుకుంటివా?"

"ఇన్నొద్దులు గరిటెతోటి ముంగీసను మేపితి గద అత్తా," అన్నాను. "గరిటె పట్టుకున్న చెయ్యి నాది గాదా?"

ఆవిడ గిరుక్కున లోపలికి తిరిగింది. తల మీద నీళ్ళు పోసుకోకుండా వంటింట్లోకి రావద్దని మా ఆయనతో చెప్పించింది. సరే అన్నాను. కార్తీకం చలిలో రోజూ చల్లనీళ్ళు పోసుకున్నాను. నాలుగు చెంబుల నీళ్ళతో పోయే మైల అయితే అదేం పెద్ద మైల? గుడ్లు గుండయ్య ఎవరికీ కనపడకుండా తన కండువాలో కట్టుకుని, కడుపుతో ఉన్న కూతురికి తీసుకుపోయేవాడు. ముంగిస పది పదిహేను రోజులు గోడ మీద తిరిగింది, జాలీ కొరికి చూసింది. తర్వాత దానికీ విసుగు పుట్టినట్టుంది, రావడం మానేసింది. అత్తగారు మాత్రం గోడ వైపు చూడటం మానలేదు.

మూడు బాతులు మిగిలాయి. భాగీరథి దగ్గర్నుంచి కార్డులు రావడం లేదు. నేను రెండు రాశాను. రెండిట్లోనూ ఆరే రాశాను. సాయంత్రం "బా బా బా" అని పిలుస్తుంటే నా గొంతు ఆమె గొంతులా వినిపించేది నాకే. ఒక్కోసారి వాటిని గూట్లో పెట్టేశాక కూడా పిలిచేదాన్ని.

సంక్రాంతి దాటిన నెలకు, మిట్టమధ్యాహ్నం, వీధి తలుపు చప్పుడైంది. కోహీర్ నుంచి అనంతమ్మ, చేతిలో పెద్ద గంప. నాకు చీటీ ఇచ్చింది, భాగీరథి రాసింది. "అక్కా, మాకు ఈడనే పెద్ద ఇల్లు దొరికింది. ఇంక ఆ దిక్కు వచ్చేది లేదు. నీ అసుంటిదానికి నా బాతులు అంటగట్టి పాపం జేసిన. మా అక్క వచ్చి ఆరు తీస్కపోతది. నువ్వు సుఖంగ ఉండు."

నన్ను సుఖపెట్టడానికే రాసింది. నాలుగుసార్లు చదివాను.

"ఆరు లేవు," అన్నాను. "ముంగీస కొట్టింది. రెండే ఉన్నయి."

"ఆరు మంచిగున్నయని రాసినవంట గద?"

"రాసిన. అబద్ధం రాసిన. కూసోరి, పట్టుకొస్త."

పెరట్లోకి వెళ్ళాను. మూడూ గోలెం పక్కన ఉన్నాయి. రెండింటి కాళ్ళు కట్టాను. మూడోదాన్ని చంకలో పెట్టుకుని, పెరటి తలుపు తీసి, ఇంట్లోకి, నడిమింట్లోకి, దేవుడి గూటి ముందుకు తీసుకుపోయి పప్పుగంప కింద బోర్లించాను. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. అత్తగారు అక్కడే కూర్చుని కందులు ఏరుతోంది. చేట ఒళ్ళో పెట్టుకుని నా వంకే చూసింది. నేను ఆవిడ కళ్ళలోకి చూడలేదు.

అనంతమ్మకు రెండూ అందించాను. ఆమె గంపలో పెట్టుకుని గుడ్డ కడుతుండగా లోపల్నుంచి బాతు అరిచింది, తన జతలు పోతున్నాయని తెలిసినట్టే. అనంతమ్మ తల ఎత్తింది.

లోపల గంట మోగింది. దేవుడి గంట, మిట్టమధ్యాహ్నం, ఆగకుండా, ఇల్లంతా దద్దరిల్లేలా.

"ఈ యాళ్ళప్పుడు పూజనా?" అంది అనంతమ్మ.

"మా అత్తకు దేవుడు ఎప్పుడు యాదికొస్తె అప్పుడే," అన్నాను.

ఆమె బొంబాయి రోడ్డు మలుపు తిరిగేదాకా గంట ఆగలేదు. నేను లోపలికి వెళ్ళి గంప ఎత్తాను. బాతు బయటికి వచ్చి, అలికిన నేల మీద అటూ ఇటూ తిరిగి, దేవుడి ముందే రెట్ట వేసింది. అత్తగారు గంట కింద పెట్టి, దాన్నీ నన్నూ చూసింది.

"భాగీరథి రాదే ఇంక," అంది మెల్లగా.

"తెలుసు అత్తా."

"తెలిసి ఎందుకు దాస్తివి?"

జవాబు చెప్పబోతే ఏడుపు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడ్డాను. మూడూ ఇచ్చేస్తే భాగీరథికి నాతో ఇంకేం పని? ఏమని జాబు రాయను? అత్తగారు లేచి వెళ్ళింది. పేడనీళ్ళ బకెట్ తెచ్చి నా పక్కన పెట్టింది, దానితో పాటు మా ఆయన లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటి.

"మొదలు అలుకు," అంది. "తర్వాత రాయి. ఈసారి నిజం రాయి."

అలికాను. తర్వాత పెరటి మెట్ల మీద కూర్చుని రాశాను. "భాగీరథీ, మూడింటిని ముంగీస తిన్నది, తప్పు నాదే. రెండు మీ అక్క తీస్కపోయింది. ఒకటి నేను దాసిపెట్టిన. అది నీదే. వచ్చి తీస్కపో."