పొగరాక్షసుడి పుస్తకం

నేను ఇంగ్లీషులోకి వచ్చిన ఒక జపాన్ బొమ్మల కథల పుస్తకాన్ని. మా జాతిని మాంగా అంటారు. నా అట్ట మీద కొమ్ముల రాక్షసుడొకడు నోరు తెరుచుకుని ఉంటాడు. లోపల ఇంకా ఘోరం. తండ్రిని పొగరాక్షసుడు ఎత్తుకుపోతే, హానా అనే పిల్ల కత్తి పట్టుకుని వెతుకుతూ బయలుదేరుతుంది. దారి పొడవునా రక్తమే.

నన్ను మొదట కొన్నది విశాఖలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు. ఉద్యోగం రాగానే అతనికి హఠాత్తుగా పెద్దరికం వచ్చేసి, నన్ను గాజువాకలోని ఒక కాలనీ లైబ్రరీకి ఇచ్చేశాడు. అక్కడి లైబ్రేరియన్ సన్యాసిరావుగారు నా అట్ట చూశారు, బొమ్మలున్నాయి కదా అని పిల్లల నీతికథల పక్కన పెట్టారు. నా పక్కనున్న కుందేళ్లూ తాబేళ్లూ ఏమనుకున్నాయో తెలియదు.

పదో తరగతి పిల్లలు మాత్రం నన్ను వెంటనే కనిపెట్టేశారు.

"బొమ్మలు అదుర్స్ రా. కథే సాగదీశాడు," అన్నాడు ఇర్ఫాన్. అంటూనే మళ్లీ మళ్లీ ఇంటికి పట్టుకెళ్లాడు. నా మధ్య పేజీల్లో ఉన్న సమోసా మరక అతనిదే.

"నాకైతే నవ్వొచ్చింది. దీనికెవడు భయపడతాడు?" అన్నాడు సుమంత్. చదువుతున్నంతసేపూ కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుని కూర్చున్నాడు.

వాళ్ల క్లాసుదే తేజోవతి. ఆమె ఏ అభిప్రాయమూ చెప్పేది కాదు. నన్ను ఇంటికి తీసుకెళ్లి, రాక్షసుల పేజీలు గబగబా తిప్పేసి, ఒక్కచోట ఆగిపోయేది.

ఒక సాయంత్రం తేజోవతి తల్లి గౌరీశ్వరి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, నన్ను సన్యాసిరావుగారి బల్ల మీద పడేసింది.

"ఏటండీ మేస్టారూ ఇది? తండ్రి పోయి ఏడాదైనా కాలేదు, ఈ పిల్ల చేతికి ఇలాటివిస్తారా? చింపి పారేయండి!"

సన్యాసిరావుగారు మొదటిసారి నన్ను తెరిచారు. ఆయన మొహం పాలిపోయింది. "నీతికథలనుకున్నానమ్మా... పాత పేపర్లతో కలిపి కట్టేస్తాను," అన్నారు.

తూకానికి పోయే ఆ కట్ట నాకు కనిపిస్తూనే ఉంది.

"వద్దు సార్!" మూలనున్న ఇర్ఫాన్ లేచాడు. "సాగదీశాడు గానీ మంచి పుస్తకం సార్."

అతని పక్కనే ఉన్న సుమంత్ తల వంచుకున్నాడు. "నేను చాలా భయపడ్డాను సార్. భయపడ్డానికే చదివాను. ఉంచండి సార్." స్నేహితుడి ముందు ఆ మాట ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో!

గౌరీశ్వరి కూతురి వైపు తిరిగింది. "నీకేటి నచ్చిందే ఇందులో?"

"రాక్షసులు నాకిష్టం లేదమ్మా," అంది తేజోవతి. "వాళ్ల నాన్న పోయాక హానా ఏడుస్తాది. ఎవరూ ఊరుకోమనరు. నేనేడిస్తే నువ్వు ఊరుకోమంటావు. నాన్న పేరు కూడా ఎత్తనివ్వవు."

గౌరీశ్వరి చాలాసేపు నా అట్ట మీది రాక్షసుణ్ణే చూసింది. వాణ్ణి అంత దగ్గరగా చూసి భయపడనిది ఆమె ఒక్కతే.

"నువ్వేడిస్తే నాకూ ఆగదని ఊరుకోమన్నానే," అంది చివరికి. కూతురి చెయ్యి పట్టుకుని కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంది. నన్ను ఒళ్లో పెట్టుకుంది. "ఎక్కడేడుస్తాదో తీయ్. నాకు ఇంగ్లీషు రాదు, చదివి చెప్పు."

తేజోవతికి వెతకక్కర్లేకపోయింది. నేనే అక్కడ తెరుచుకున్నాను.

"ఇక్కడ చదవడానికేం లేదమ్మా. మాటలుండవు."

ఖాళీ వాకిట్లో మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్న హానాను ఇద్దరూ చూశారు. నా కాగితం మీద మొదటి చుక్క ఎవరిదో నేను చెప్పలేను.

సన్యాసిరావుగారు మూసే వేళ దాటినా తాళంచెవి జేబులోంచి తియ్యలేదు.