ఎస్తేరు చేతిగొలుసు

వడమాలపేటలో ఎస్తేరు రోజూ ఎక్కేది ఎనిమిదింబావు బస్సు. ఇల్లు ఊడ్చి, చెల్లెలు నిస్సీకి అన్నం బాక్సు కట్టిచ్చి, ఉరుకులు పరుగుల మీద రోడ్డెక్కేసరికి పుత్తూరు నుంచి తిరుపతి పోయే పల్లెవెలుగు వస్తూ కనబడుతుంది. తిరుపతిలో ఒక టైలరింగు షాపులో జాకెట్లు కుడుతుంది ఆమె. వయసు నలభై ఒకటి. అమ్మానాయన పోయాక తమ్ముణ్ణీ చెల్లెల్నీ ఒక దారికి తెచ్చే హడావిడిలో ఆమె పెళ్లి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే ఆమెకే గుర్తు రాలేదు.

ఆమె ఎడమ చేతికి వాళ్లమ్మ వెండి గొలుసు ఉంటుంది. ఎస్తేరు మనసు నిండా సంతోషపడిందంటే, మర్నాడు పొద్దునకల్లా ఆ గొలుసుకు ఒక బిళ్ల కాసి ఉంటుంది. నిస్సీ నర్సు పరీక్ష పాసైనప్పుడు చింతగింజంత సిరంజి కాసింది. తమ్ముడు జోయల్‌కు కూతురు పుట్టినప్పుడు ఊయల. సొంత మిషను కొన్నప్పుడు కుట్టుమిషను, తొక్కే పలకతో సహా. చుట్టూ మామిడి తోటలున్న ఊరు కదా, తోట సంగతి అడిగినట్టే "ఈసారేం కాసింది ఎస్తేరూ?" అని అడిగి, చూసి, ఎవరి పనికి వాళ్లు పోతారు. ఆ గొలుసును మాత్రం మభ్యపెట్టడం ఎవరి తరమూ కాదు. లక్కీడ్రాలో మిక్సీ తగిలినప్పుడు ఊరంతా మిక్సీ బిళ్ల కోసం ఎదురుచూసింది. ఏమీ కాయలేదు. నడుము పడిపోయేంత పని ఉన్న రోజు ఎస్తేరు ఆ బిళ్లల్ని ఒక్కొక్కటే తడుముకునేది. ఊయల దగ్గరికి వచ్చేసరికి అలుపు తీరిపోయేది.

మొన్న బుధవారం పొద్దున పన్నెండో బిళ్ల కాసింది. దాన్ని చూసి ఎస్తేరు సిగ్గుతో చచ్చిపోయింది. అది కండక్టర్లు పట్టుకునే టికెట్టు మిషను, మీటలతో సహా. ముందురోజు జరిగిందల్లా ఒకటే. బస్సు ఖాళీగా ఉంటే కండక్టరు ఇమ్మానుయేలు అవతలి సీట్లో కూర్చుని, సెనక్కాయల ఊరిబిండి పచ్చడి ఎట్ల నూరాలో రేణిగుంట దాకా చెప్పాడు. అంతమాత్రానికే కాస్తుందా అని గొలుసు మీద కోపం వచ్చి, మణికట్టుకు రుమాలు కట్టేసింది.

బస్సులో పక్కన కూర్చునేది ఆనందమ్మ. తిరుపతికి పూలబుట్ట తీసుకుపోయే ఇంటిపక్కావిడ. ఆమె దగ్గర రుమాలు ఆటలు సాగుతాయా?

"ఏం కాసిందో సూపీ."

"ఏం లేదక్కా, సూది గుచ్చుకునింది."

ఆనందమ్మ రుమాలు ఎత్తి చూసి, మళ్లీ జాగ్రత్తగా కప్పింది. "ఇంత ఆలస్యంగా కాసిందేమే? ఆడోళ్లం నలభై మంది ఉచితంగా పోతా ఉండాం. రోజూ ఆధార్ కార్డు ఎవర్ని అడగతాడు ఆయప్ప? నిన్నొక్కదాన్నే."

"నా మీద అనుమానమనుకున్న్యా."

"మేమంతా అన్నా అంటాం. నువ్వొక్కదానివి సారూ అంటావు. మాకు సెవుల్లేవా? శనివారంతో ఈ రూట్లో ఆయన పని అయిపాయ. మదనపల్లె డిపోకు ఏసినారంట. సెప్పేదుంటే ఆలోపే సెప్పల్ల."

చెప్పకపోతే ఆయన వెళ్లిపోతాడు. చెప్తే, ఈ వయసులో ఇదేం పాడు బుద్ధని అనుకుంటాడేమో. గురువారం ఆయన రుమాలు చూసి ఏమైందని అడిగితే సూది కథే చెప్పింది. శుక్రవారం ఆయన పుండుకు పూసే మందు ట్యూబు తెచ్చిచ్చాడు. ఎస్తేరు దాన్ని తీసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

శనివారం రానే వచ్చింది. ఇమ్మానుయేలు ఆమె సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కార్డు అడగలేదు.

"ఇంకా మానలేదా?"

ఎస్తేరు రుమాలు ముడి మీద చెయ్యేసింది. అప్పుడు రుమాలు కింద ఆ బిళ్ల కిర్రుమంది. బియ్యపు గింజంత వెడల్పున్న కాగితం ముక్క జారి ఆయన బూటు పక్కన పడింది. పద్దెనిమిదేళ్ల సర్వీసు ఆయనది, టికెట్టు ఎంత చిన్నదైనా టికెట్టే. వంగి తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, వెలుతురుకు పెట్టి చదివాడు.

"వడమాలపేట నుంచి మదనపల్లె. పెద్దలు ఇద్దరు."

ఆనందమ్మ పూలు కట్టడం ఆపింది.

"ఇది నేను కొట్టింది కాదే," అన్నాడు ఇమ్మానుయేలు.

ఎస్తేరు తన చేత్తోనే రుమాలు విప్పింది. "నాది. బుధవారం కాసింది."

ఆయన ఆ బిళ్లను చాలాసేపు చూశాడు. మొహమంతా సంతోషం, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక చేతిలోని మిషను వైపు చూశాడు.

"నాకు నలభై ఏడు. భార్య పోయి ఆరేండ్లు. బాగా ఆలోచించుకున్నారా మీరు?"

"ఆలోచించింటే ఇది కాసేదే కాదు."

వెనక సీట్లో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఇమ్మానుయేలు ఆ టికెట్టును మడవకుండా జేబులో పెట్టుకుని, ఆనందమ్మ లేచి ఖాళీ చేసిన సీట్లో కూర్చున్నాడు. వడమాలపేట దాటి చాలా దూరం వచ్చాక ఎస్తేరు మెల్లగా అడిగింది.

"ఆడ మీ ఇంట్లో కుట్టుమిషనుకు జాగా ఉంటాదా?"

"కిటికీ కాడ పెట్టుకుందాం," అన్నాడు ఆయన.