ఎగుమతికి మాత్రమే

మా అరటితోటలో ఎర్రజెండా కంపెనీదే. విమానం పురుగుమందు కొట్టే రోజున దాన్ని నీళ్ల ట్యాంకు మీద ఎగరేయాలి. అది కనిపించగానే మనుషులంతా తోట వదిలి బయటికి రావాలి. ఆ రూలు కంపెనీయే రాసి షెడ్డు గోడకు తగిలించింది. ఆ రోజు రేవులో ఓడ సరుకు కోసం ఆగి ఉంది. జెండా ఎగరేస్తే పని ఆగుతుంది. అందుకని మేనేజరు జెండా ఎగరేయలేదు. విమానాన్ని మాత్రం రప్పించాడు.

మేము షెడ్డు మెట్ల మీద కూర్చుని మధ్యాహ్నం తిండి గిన్నెలు తెరిచాం. నాది అరటికాయలకు స్టిక్కర్లు అంటించే పని. ఆ స్టిక్కరు మీద ఒక పిల్ల పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది. అలా నవ్వే మనిషిని నేను మా తోటలో ఎప్పుడూ చూడలేదు. విమానం చెట్ల తలలు తగిలేంత కిందికి దిగింది. గిన్నెల మీద మూతలు వేసుకుని లోపలికి పరిగెత్తాం. మా అన్న ఒక్కడూ రాలేకపోయాడు.

అన్న గెలలు లాగే మనిషి. తోట పొడవునా తలకు పైన ఒక ఇనుప తీగ ఉంటుంది. కోసిన గెలలను వరసగా దానికి వేలాడదీసి, ముందు ఒక మనిషి నడుముకు పటకా బిగించి షెడ్డు దాకా లాగిస్తారు. ఎద్దును పెడితే మేత వేయాలి కాబట్టి మనిషిని పెట్టారు. మధ్యలో విప్పుకుని కూర్చోకుండా ఆ పటకా కొక్కెం వీపు వెనక కుట్టించారు. ఇంకొకరు వచ్చి తీస్తేనే ఊడుతుంది. అన్న తల పైకెత్తి, చేతులు ఊపుతూ, "ఆగండ్రా! కింద మనుషులున్నాం!" అని అరిచాడు. ఆ పైకెత్తిన ముఖం మీదే మందు పడింది.

పరిగెత్తుకెళ్లి కొక్కెం తీసింది వదిన. వదిన తొట్టిలో కాయల జిగురు కడుగుతుంది. ఆ మందునీళ్లలో నాని నాని ఆమె గోళ్లు ఎప్పుడో ఊడిపోయాయి. గోళ్లు లేని వేళ్లతో ఆ కొక్కెంతో ఎంతసేపు పెనుగులాడిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ అన్న కళ్లు చూసి తల అడ్డంగా ఊపింది. "కుడికన్ను చేయి దాటిపోయింది. ఎడమకన్ను దక్కే ఆశ ఉంది. కానీ ఏం మందు పడిందో నాకు తెలియాలి. తెలిస్తే విరుగుడు ఇస్తాను. తెలియకుండా ఏదో ఒకటి ఇస్తే ఉన్న చూపు కూడా పోతుంది. రేపటికల్లా పేరు కనుక్కురండి."

వదినా నేనూ అటునుంచి అటే మేనేజరు దగ్గరికి వెళ్లాం.

"పేరా? అది కంపెనీ రహస్యమమ్మా," అన్నాడతను ఫ్యాను కింద కూర్చుని.

"మా ఆయన ముఖాన కుమ్మరించేటప్పుడు లేదా రహస్యం?"

"నీ మొగుడికి ముందునుంచే కంటిజబ్బు ఉంది. మా డాక్టరు చెప్పాడు. అయినా ఆ డ్రమ్ములు మీ ఇళ్లలోనే ఉన్నాయిగా. పోయి చదువుకోండి." అని నవ్వాడు.

ఆ నవ్వుకు అర్థం మాకు బాగా తెలుసు. ఖాళీ అయిన మందు డ్రమ్ములను కంపెనీ మాకు ఉచితంగా ఇస్తుంది. షరతు ఒక్కటే, పైన అంటించిన కాగితం నున్నగా గీకి చూపించాలి. ఏ ఇంటి ముందు చూసినా ఒక నీలం డ్రమ్ము, దాని నిండా నీళ్లు. తాగినా, వండినా, ఒళ్లు కడుక్కున్నా అవే నీళ్లు. ఎవరి డ్రమ్ము బాగా మెరుస్తుందా అని పోటీ పడి మరీ గీకాం. పైగా కంపెనీది ఎంత పెద్ద మనసో అని మురిసిపోయాం. మా ఇంట్లో పడ్డ దొంగ వేలిముద్రలు మేమే తుడిచిపెట్టాం.

ఆ సాయంత్రం షెడ్డులో అందరం కూడాం. కూడామంటే, ఒకరి మీద ఒకరం పడి అరుచుకున్నాం.

"పెట్టెకో పండిన కాయ లోపల దాచేద్దాం," అన్నాడు గెలలు కోసే మేస్త్రీ. "ఒక్కటి పండితే పెట్టంతా పండుతుంది. ఓడ దిగేసరికి మొత్తం కుళ్లి చస్తుంది."

"చస్తే?" అంది వదిన. "ఓడలో చలి చాల్లేదు అనుకుంటారు. మనం మండిపోతున్నామని ఎవడికి తెలుస్తుంది? దొంగచాటు పని మనకెందుకు? దొంగలు వాళ్లయితే! పేరు చెప్పేదాకా పట్టపగలే లారీలు ఆపుదాం, ఓడ ఆపుదాం."

"ఓడ ఆపితే కంపెనీ ఇంకో దేశం పోతుందంట. మన పొయ్యిలో పిల్లి లేవదు," అన్నారు ఎవరో.

"ఆ దేశంలో మాత్రం ఎవరు కడుగుతారు? నాలాంటిదే ఇంకొకతి తొట్టిలో చేతులు పెట్టుకుని ఉంటుంది. దాని గోళ్లు కూడా ఊడాలా?"

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "ఇంత రాద్ధాంతం ఇప్పుడే ఎందుకు? రేపు చూద్దాంలే."

అది రేపు బాబాయి. ఇల్లు కారుతుంటే రేపు కప్పుతానంటాడు, జ్వరమొస్తే రేపు మందు తెస్తానంటాడు. అందుకే ఆ పేరు. అంత కోపంలోనూ అందరం నవ్వాం. పిన్ని మాత్రం "నోర్మూసుకో," అని ఆయన డొక్కలో పొడిచింది.

"సరే, రేపే," అంది వదిన. "తెల్లారగానే. ఎవరి డ్రమ్ము వాళ్లు తీసుకురండి."

తెల్లారింది. నీళ్లు పారబోసి డ్రమ్ములు దొర్లించుకుంటూ బయలుదేరాం. ఆ చప్పుడుకు కంపెనీ బంగళా కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. రేవుకు పోయే రోడ్డు మీద, గేటుకు ఎదురుగా, డ్రమ్ములను అడ్డంగా నిలబెట్టాం. పెట్టెలు నింపుకున్న లారీలు వరసగా ఆగిపోయాయి. ముందు లారీ డ్రైవరు కిందికి దూకాడు.

"తియ్యండెహె! ఓడ పోతే నా ట్రిప్పు మీ తాత ఇస్తాడా?"

"ఇక్కడ ఒకడి కళ్లు పోతున్నాయి. నీ ట్రిప్పు ఆగుతుందిలే!"

ఎండ ఎక్కింది. మూసిన లారీల్లో పచ్చికాయ ఎంతోసేపు పచ్చిగా ఉండదు. ఆ సంగతి మాకు తెలుసు, మేనేజరుకూ తెలుసు. కాపలావాళ్లను వెంటేసుకుని వచ్చాడు. గొంతులో తేనె పోసుకున్నాడు.

"చూడండమ్మా, ఓడ చేరే దేశంలో జనం చౌకగా ఉంటేనే కొంటారు. ధర పెరిగితే మన పండు ముట్టరు. నష్టం మీకే."

"అక్కడ చౌకయ్యేది ఇక్కడ మేం కడుతున్నాం కాబట్టి," అంది వదిన. "నా వేళ్లు కట్టాయి. నా మొగుడి కన్ను కట్టింది. నీ ధర గోల నాకొద్దు. పేరు చెప్పు."

మేనేజరు డ్రమ్ముల వరస చూసుకుంటూ నడిచాడు. ఒకచోట ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది. కాపలావాళ్లకు సైగ చేసి, "ఈ ఒక్కటీ తీసేయండి. నా కారుకు దారి కావాలి," అన్నాడు.

"కారు ఆ చివర ఉంటే దారి ఈ చివరెందుకు?" అంటూ వదిన పోయి ఆ డ్రమ్ము అంచు మీద ఎక్కి కూర్చుంది.

అప్పుడు చూశాం. ఆ డ్రమ్ముకు కాగితం అలాగే ఉంది. అక్షరం చెరగకుండా ఉంది. అది రేపు బాబాయిది. డ్రమ్ములు చూసి ఇచ్చే వాచ్‌మన్ ఆయన స్నేహితుడే. రేపు గీకి చూపిస్తానంటే సరేనన్నాడు. బాబాయి కాగితాన్ని గోడవైపు తిప్పి పెట్టి, హాయిగా మరిచిపోయాడు.

"గీకుదామనే అనుకున్నా..." అని నసిగాడు బాబాయి. పొద్దస్తమానం తిట్టే పిన్ని ఆ రోజు మొగుడిని కళ్లనిండా చూసుకుంది.

కాగితం మీద ఉన్నవి పరాయి అక్షరాలు. మాకు అందలేదు. అందరం లారీ డ్రైవరు వైపు చూశాం. రేవులో తిరిగే మనిషి, ఆ అక్షరాలు చదవగలడు. అతను మేనేజరు వైపు చూశాడు, మా వైపు చూశాడు. తర్వాత వచ్చి వదిన కాళ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"వెర్డోజాన్," అని చదివాడు. "కింద ఇంకో మాట ఉంది. ఇది నాకు నోటికొచ్చు. మీ పెట్టెల మీదా ఇదే ఉంటుంది. ఎగుమతికి మాత్రమే."

అంటే, మా పండు తినే దేశంవాళ్లే ఈ మందూ తయారు చేస్తున్నారు. వాళ్ల నేల మీద చల్లుకోని విషాన్ని మాకు పంపుతున్నారు. ఆ విషం కొట్టి పెంచిన కాయను మా చేత కడిగించి, నవ్వే పిల్ల బొమ్మ అంటించి, వాళ్ల బల్లల మీదికి తెప్పించుకుంటున్నారు. మురికినీళ్లు మాత్రం మా తొట్టిలో మిగులుతున్నాయి.

డ్రైవరు అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోను చేశాడు. ఒక్కొక్క అక్షరం గట్టిగా చెప్పాడు. కాపలావాళ్లు డ్రమ్ము మీదికి వస్తే మేస్త్రీ మనుషులు అడ్డం నిలిచారు. ఈలోగా ఎవరో ట్యాంకు గదిలోంచి కంపెనీ జెండా తెచ్చారు. వదిన దాన్ని కర్రకు కట్టి డ్రమ్ములో నిలబెట్టింది.

"మందు ఉన్నచోట ఎర్రజెండా ఎగరాలన్నది మీ రూలే కదయ్యా!"

పోలీసు వ్యాన్లు వచ్చాయి. లాఠీలు లేచాయి. వదిన తల పగిలింది, నా చేయి వాచింది. చేతికందిన వాళ్లనందరినీ వ్యాన్లలో కుక్కి స్టేషనుకు తెచ్చారు. డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి చెప్పాడు. "విరుగుడు ఎక్కించారంట. ఎడమకంటికి వెలుతురు తెలుస్తోందంట." వదిన అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

రైటరు పుస్తకం తెరిచాడు. "పేరు?"

వదిన కొంగుతో నెత్తురూ కన్నీళ్లూ కలిపి తుడుచుకుంది. "వెర్డోజాన్."

"తండ్రి పేరు?"

"కంపెనీ."

"ఊరు?"

"ఎగుమతికి మాత్రమే."

నా వంతు వచ్చింది. నేనూ అదే చెప్పాను. మేస్త్రీ అదే, పిన్ని అదే. "మీ అందరిదీ ఒకటే పేరా?" అని రైటరు గుడ్లురిమాడు. "అందరం ఒకటే నీళ్లు తాగాం సార్," అంది పిన్ని.

అంతలో వీధి చివర ఉరుములాంటి చప్పుడు మొదలైంది. పక్క తోటవాళ్లు వాళ్ల డ్రమ్ములు దొర్లించుకుంటూ స్టేషను మీదికి వస్తున్నారు. రైటరు లేచి కిటికీలోంచి తొంగి చూశాడు. గబగబా పుస్తకం మూయబోయాడు.

"మిగతావాళ్లవి రేపు రాస్తా. పోండి."

వరసలో తర్వాత ఉన్నది బాబాయి. ముందుకు వచ్చి ఆ పుస్తకం మీద అరచెయ్యి పెట్టాడు.

"రేపెందుకు సారూ? ఇవాళే రాసుకోండి. నా పేరు వెర్డోజాన్."